తెలుక్ ఇంటాన్‌లో టీ తాగేంతసేపు పరీక్ష

మలేషియా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో వాళ్ళు అడిగేది ఒకటే, ఆ ఆకాశమంత జంట మేడలు ఎక్కారా అని. ఎక్కలేదు. రైల్లోంచి చూశాను, బాగానే ఉన్నాయి. నేను సముద్రం దాటి వెళ్ళింది ఒక తెలుగు క్లాసుకి ఇన్‌స్పెక్షన్ జరుగుతుంటే చూడటానికి. ఈ మాట చెప్పగానే మా ఆడపడుచు నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమైనా ఉందేమోనని చూసింది.

విజయనగరంలో చిన్న ప్రైవేటు బడి నడుపుతున్నదాన్ని. బడికి గుర్తింపు పొడిగించుకోవడమంటే ఏమిటో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా గర్వం. గోడలకి సున్నం, గుమ్మానికి తోరణం, మంటలార్పే సిలిండరు, వచ్చినవాళ్ళకి జీడిపప్పు, ఫిల్టరు కాఫీ. వాళ్ళు గదుల కొలతలు తీసుకుంటారు, కుళాయిలు తిప్పి చూస్తారు, వెళ్ళిపోతారు. పిల్లలకి ఏం వచ్చిందని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పోయిన ఏడు అప్పలనాయుడు గారని ఒక పెద్దాయన మా బడికి వచ్చారు. ఆయన పూర్వీకులు మా వైపు నుంచే ఓడెక్కి మలేషియా రబ్బరు తోటల్లోకి కూలికి వెళ్ళారట. ఆయన అక్కడే పుట్టి, తోటలో లారీ నడిపి, రిటైరయ్యారు. వాళ్ళ ఊరు తెలుక్ ఇంటాన్‌లో పిల్లలకి ఆదివారాలు తెలుగు క్లాసు నడుపుతున్నామని, వాచకాలు కావాలని అడిగారు. పుస్తకాలు కట్టిస్తుంటే అన్నారు కదా:

"టీచరమ్మా, వచ్చే ఏడు మా క్లాసుకి పరీచ్చ ఉన్నాది. పిల్లలకి కాదు, క్లాసుకి. ఓపాలి వచ్చి సూడండి లా."

మాట చివర ఆ "లా" అక్కడివాళ్ళ అలవాటట. క్లాసుకి పరీక్ష ఏమిటని అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఇక నాకు నిద్ర పట్టలేదు. పాస్‌పోర్టు తీయించాను.

బ్రిక్‌ఫీల్డ్స్

కోలాలంపూర్‌లో నన్ను కలుసుకోవడానికి వచ్చినమ్మాయి సావిత్రి. ఆ తెలుగు క్లాసు టీచరు. వారమంతా తెలుక్ ఇంటాన్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటుంది, ఆదివారం పాఠం చెబుతుంది. ముప్ఫై దాటి ఉంటాయేమో. నన్ను చూడగానే "అక్కా, తినినారా?" అంది. అక్కడ మలయావాళ్ళైనా చీనావాళ్ళైనా మనిషి కనపడగానే మొదట అడిగేది అదేనట. మా ఊళ్ళో "ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్తారు" అంటారు. ఏది మర్యాదో మీరే చెప్పండి.

తినలేదన్నాను. అంతే, బ్రిక్‌ఫీల్డ్స్ అనే మనవాళ్ళ పేటలో ఒక అరిటాకు భోజనం హోటల్లో కూర్చోబెట్టేసింది. ఆ వీధి చూస్తే మతి పోయింది! పూలమాలలు, చీరల కొట్లు, అగరొత్తుల వాసన, నెత్తి మీదుగా మోనోరైలు. అన్నం మీద మూడు రకాల పులుసు పోసి, కాకరకాయ వేపుడు వేసి, అప్పడాలు గుట్టగా పెట్టారు. పదిహేను రింగిట్లు. మన డబ్బులో మూడొందలు దాటిందని మనసులో లెక్క వేసుకుంటూనే రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. తిన్నాక ఆకుని మన వైపు మడవాలట, వంట బాగుందని అర్థం. నేను అవతలి వైపు మడిచాను. వడ్డించినాయన మొహం మాడిపోయింది. సావిత్రి గబగబా, అక్కడి మనవాళ్ళందరి ఉమ్మడి భాషైన తమిళంలో ఏదో సర్దిచెప్పి, నా ఆకు తనే తిప్పి మడిచింది.

అక్కడే ఆ పరీక్ష సంగతి చెప్పింది. క్లాసుకి డబ్బు ఇచ్చేది కోలాలంపూర్‌లో ఒక ట్రస్టు. గది ఇచ్చేది తెలుక్ ఇంటాన్‌లో ఒక బడి. వీళ్ళిద్దరూ క్లాసువాళ్ళతో ఏమన్నారంటే, మీ ఇష్టం వచ్చినట్టు నేర్పుకోండి, ఏ పుస్తకమో, ఏ పద్ధతో మేం అడగం, కానీ ఏం సాధిస్తారో ముందే మాట ఇవ్వండి, గడువు తీరాక వచ్చి ఆ మాట నిలబెట్టుకున్నారా లేదా అని చూస్తాం. నిలబెట్టుకుంటే అనుమతి ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారు. అనుమానంగా ఉంటే షరతు పెట్టి ఏడాది ఇస్తారు. లేకపోతే మూసేస్తారు. అమెరికాలో చార్టర్ స్కూళ్ళని ఇలాగే నడుపుతారట, ట్రస్టు పెద్దమనిషి అక్కడ చూసి వచ్చి పెట్టిన పద్ధతి.

"మరి మీరేం మాట ఇచ్చారు?" అన్నాను.

సావిత్రి నవ్వింది. "అప్పలనాయుడు మావయ్య సెప్పినాడు, అదే రాసినారు. మా కాడ సదివిన పిల్ల ఇంట్లో పెద్దోళ్ళతోటి ఒక టీ తాగినంతసేపు తెలుగులోనే మాటాడతాది అని."

నాకు ఒళ్ళు పులకరించింది. మా గుర్తింపు కాయితాల్లో కుళాయిల సంఖ్య ఉంటుంది తప్ప ఇలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు!

కిందటిసారి ఏమైందని అడిగాను. పిల్లలందరూ ఒకటే కథ బట్టీ పట్టి అప్పజెప్పారట. మూడేళ్ళు అడిగితే ఏడాదే ఇచ్చారు. ఈసారి తప్పితే గదీ ఉండదు, డబ్బూ ఉండదు.

కువాలా సెలంగోర్

మర్నాడు సావిత్రి కారులో ఉత్తరానికి బయల్దేరాం. దారంతా పామాయిల్ తోటలు. ఎంత దూరం పోయినా అవే చెట్లు, అదే వరస, సైన్యం కవాతుకి నిలబడ్డట్టు. పిసాంగ్ గోరెంగ్ అని వేయించిన అరటిపండు బజ్జీలు కొనిపించింది. పండుతో బజ్జీ ఏమిటని మొహం చిట్లించినదాన్ని పొట్లం మొత్తం నేనే తినేశాను.

కువాలా సెలంగోర్ దగ్గర ఆమె అమ్మమ్మ పైడమ్మ గారింట్లో ఆగాం. సావిత్రికి తెలుగు నేర్పింది ఆవిడే. ఆదివారం పరీక్షలో పెద్దవాళ్ళు కూడా కూర్చోవాలి కదా, అందుకని ఆవిడని కూడా వెంట తీసుకెళ్ళాలని. చిన్న ఇల్లు, వెనక కొబ్బరిచెట్లు, వంటింట్లో చేపల పులుసు ఉడుకుతోంది. వరండాలో కూర్చుని వింటున్నాను, లోపల మనవరాలితో పైడమ్మ గారి తెలుగు గలగలా పారుతోంది. "కూకోయే, ఎండలో పడి వచ్చినావు, ముందు నీలు తాగు" అంటోంది. ఆహా అనుకుని లోపలికి వెళ్ళాను. ఠక్కున ఆగిపోయింది. నా వైపు తిరిగి చేతులు జోడించి, తమిళంలో ఏదో అంది. నేను తెలుగులో అడిగితే మళ్ళీ తమిళంలోనే జవాబు. నాకు తమిళం సినిమాల్లో విన్నంత వచ్చు, అంటే ఏమీ రాదు. తలూపుతూ పులుసు తిన్నాను. పులుసు మాత్రం అచ్చంగా మా వైపుదే, చింతపండు ఘాటుతో సహా!

బయటికి వచ్చి కారు దగ్గర నిలబడ్డామో లేదో, ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. అక్కడ మధ్యాహ్నం వాన చెప్పాపెట్టకుండా వస్తుంది. ఇన్‌స్పెక్షన్ కదా, గోడలు బోసిగా ఉంటే బాగుండదని మా ఊరినుంచి రంగురంగుల అక్షరాల చార్టులు మోసుకొచ్చాను. పైడమ్మ గారికి చూపించి తెచ్చిన ఆ చార్టుల్ని కారు మీద పెట్టి తలుపు తాళం కోసం వెతుక్కుంటున్నారు వీళ్ళు. చూస్తుండగానే అ-ఆలన్నీ కలిసి ఒకే ఎర్ర మరకైపోయాయి. నేను లబోదిబోమన్నాను. సావిత్రి మాత్రం, "పరవాల్లే అక్కా, ఆళ్ళు గోడలు సూడరు" అంది.

తెలుక్ ఇంటాన్

తెలుక్ ఇంటాన్‌లో ఒక పక్కకి వాలిన గడియారం గోపురం ఉంది. ఊరు చూసినట్టు దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాను, వచ్చినవాళ్ళంతా దాన్ని చేత్తో ఆపుతున్నట్టు నిలబడతారు, నేనూ నిలబడ్డాను. నా చెయ్యి ఒక చోట, గోపురం ఒక చోట వచ్చాయి.

శనివారం సాయంత్రం అప్పలనాయుడు గారింట్లో దిగాం. ఆయన మనవరాలు దర్శిని, పదేళ్ళది, రెండు జడలు, కళ్ళజోడు, నోరు మూత పడదు. తెలుగు, తమిళం, మలయా, ఇంగ్లీషు అన్నీ కలగలిపి, చివర "లా" తగిలించి వాయించేస్తోంది. దీన్నొక్కదాన్నే కూర్చోబెడితే చాలు పరీక్ష గట్టెక్కుతుందనుకున్నాను.

నన్ను చూడటానికి చుట్టుపక్కల తెలుగు పెద్దలంతా వచ్చారు. రేపు పిల్లల ఎదురుగా కూర్చునేది వీళ్ళే. నేను ఉత్సాహంగా ఒక్కొక్కరినీ పలకరించాను. ఒకాయన తమిళంలో మాట్లాడాడు. ఇంకొకావిడ చిరునవ్వు నవ్వి ఊరుకుంది. అప్పలనాయుడు గారు కూడా విజయనగరంలో మాట్లాడినంత ధారాళంగా లేరు, "అవునండీ, కాదండీ" అంటూ టీవీలో వార్తలు చదివేవాళ్ళలా బిగుసుకుపోయారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. తెలుగు క్లాసు పెద్దలు తెలుగుదానితో తెలుగు మాట్లాడకపోవడమేమిటి?

ఇలా లాభం లేదని హెడ్‌మిస్ట్రెస్ అవతారం ఎత్తాను. జంటలు జంటలుగా కూర్చోబెట్టి, మీరిది అడగండి, నువ్విది చెప్పు అని రిహార్సలు వేయిద్దామన్నాను. సావిత్రి మెత్తగానే అంది కానీ ఖచ్చితంగా అంది:

"వద్దక్కా. పోయినేడు అదే సేసినాము. అందుకే పోయింది."

అందరూ వెళ్ళాక వెనక మెట్ల మీద కూర్చున్నాం. రేపు ఏమవుతుందని అడిగాను. సావిత్రి చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది.

"అక్కా, మా తమ్ముడికి తెలుగు తెలుస్తాది, మాటాడడు. అమ్మ ఉన్నప్పుడు అమ్మతో మాటాడేదాన్ని. ఇప్పుడు అమ్మమ్మ ఒకత్తే. ఆమె ఎన్నాళ్ళుంటాది? ఈ పిల్లలుంటేనే నాకు మాటాడడానికి ఎవురైనా ఉంటారు. క్లాసు పోతే ఈ మాట నా నోట్లోనే ఉండిపోతాది."

నేను ఏడుపు ఆపుకోలేదు. ఆపుకోవాల్సిన అవసరం కనిపించలేదు.

ఆదివారం

బడి గదిలో బల్లలు వేశారు. ఒక్కో బల్ల దగ్గర ఒక పెద్ద, ఒక పిల్ల. క్యాంటీన్‌లో ఒకాయన గ్లాసులోంచి గ్లాసులోకి బారెడు ఎత్తున టీ తిరగపోస్తున్నాడు. పైన వేలెడు నురగ. తె తారిక్ అంటారు దాన్ని. డబ్బాల్లో వచ్చే చిక్కటి తీపి పాలు, పైన దండిగా పంచదార.

పరిశీలకులు ఇద్దరు. గది ఇచ్చిన బడి హెడ్‌మిస్ట్రెస్ రొహానా గారు మలయా ఆవిడ, తల మీద లేతపచ్చ ముసుగు, నవ్వుముఖం. రెండోవారు ట్రస్టు తరఫున డేనియల్ గారు. ఆయనదీ తోటల్లో పనిచేసిన తెలుగు కుటుంబమే, క్రైస్తవులు, ఇప్పుడు క్లాంగ్‌లో అకౌంటెంటు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. వచ్చిన దగ్గర్నుంచీ ఇంగ్లీషులోనే మాట్లాడారు. హాజరు చూశారు, ఖర్చులు చూశారు, పిల్లల తల్లిదండ్రుల్ని పక్కకి పిలిచి అడిగారు. గోడల వైపు నిజంగానే ఒక్కసారి కూడా చూడలేదు! చివరికి "మొదలుపెట్టండి" అన్నట్టు చెయ్యి ఊపారు. టీలు వచ్చాయి.

అప్పుడు చూడాలి ఆ పెద్దల్ని. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. పిల్లలు అడుగుతున్నారు, "తాతా, పొద్దున్న ఏటి తిన్నావు?", "మామ్మా, మోకాలు నొప్పెలా ఉన్నాది?" అని. పెద్దలు "ఊఁ" అంటున్నారు, నా వైపు చూస్తున్నారు, టీ తాగుతున్నారు. అదీ ఎలాగ? పొగలు కక్కుతున్న టీని ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ, గటగటా! టీ అయిపోతే పరీక్ష అయిపోతుందిగా మరి. పైడమ్మ గారైతే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గ్లాసు దింపలేదు. డేనియల్ గారు ఖాళీ అవుతున్న గ్లాసుల్ని చూసి ఏదో రాసుకున్నారు. సావిత్రి మొహంలో నెత్తురు చుక్క లేదు.

నేను లేచి దర్శిని దగ్గరికి వెళ్ళి చెవిలో అడిగాను, వీళ్ళకేమైందే అని. ఆ పిల్ల గుసగుస అనే మాటే ఎరగదు. గదంతా వినపడేట్టు చెప్పింది:

"మీరున్నారని బయం ఆంటీ! ఇండియా టీచరు ముందు మన తోట తెలుగు మాటాడితే నవ్వుతాదని మామ్మోళ్ళు సెప్పుకున్నారు."

సాయం చేద్దామని సముద్రం దాటి వచ్చి, వీళ్ళ క్లాసుని ముంచుతున్నది నేనా! ఒక్క క్షణం ఆలోచించలేదు. బ్యాగు తీసుకుని గదిలోంచి బయటికి వెళ్ళిపోయాను. క్యాంటీన్ పక్కన, కిటికీకి అవతల, ఎవరికీ కనపడని చోట నిలబడ్డాను.

లోపలెవరో టీ జుర్రుకున్న చప్పుడు. తర్వాత, వాళ్ళ తాత అప్పలనాయుడు గారిని నిలదీస్తూ దర్శిని గొంతు.

"తాతా! రెండో గ్లాసేటి? డాట్టరేటి సెప్పినాడు? పంచదార వద్దన్నాడా, నేదా?"

"సిన్న గ్లాసే గదే. కొంచిం."

"నిన్నా కొంచిం, మొన్నా కొంచిం! కాలికి పుండు పడి ఆస్పత్రిలో పడుకున్నావు, మర్సిపోనావా?"

"నువ్వు నన్నడుగుతావేటే? మీ అమ్మే అడగదు."

"అమ్మకి తెలీదు గాబట్టి అడగదు. ఇంటికెళ్ళి సెప్పీస్తాను లా!"

అంతలో పక్కబల్ల నుంచి పైడమ్మ గారి గొంతు లేచింది. "సెప్పు, సెప్పు! ఈడు సిన్నప్పట్నుంచీ అంతే. ఎస్టేటులో మా ఇంటికొచ్చి పంచదార డబ్బా కాళీ సేసీవోడు. మా అమ్మ సీపురుకట్ట ఎత్తితే రబ్బరుసెట్ల ఎనకాల దాక్కునీవోడు!"

"అప్పా, నువ్వూరుకో, పిల్లల ముందు." అప్ప అంటే మా వైపు అక్క.

"ఎందుకూరుకుంటాను? నీకు బుద్ది నేదు, సచ్చినోడా!"

పిల్లలు గొల్లుమన్నారు. ఒకడు "తర్వాతేటైంది మామ్మా?" అన్నాడు. ఇంకో బల్ల దగ్గర ఒక ముసలాయన, కాదు, ఆ పంచదార దొంగతనం చేసింది నేనే అని అందుకున్నాడు. ఎవరి పక్షం ఎవరిదో తెలియకుండా గదంతా తెలుగులో పోట్లాట! గ్లాసుల్లో టీ చల్లారిపోతోంది, ముట్టుకునేవాడు లేడు. నేను కిటికీ ఊచ పట్టుకుని నవ్వుతూ ఏడ్చాను. బొబ్బిలి దగ్గర మా అమ్మ నన్ను తిట్టిన తిట్లు అవే, ఆ గొంతే. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాకా క్షణంలో అమ్మ మళ్ళీ దొరికినట్టయింది.

తర్వాత పరిశీలకులిద్దరూ పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సావిత్రి నేనున్న క్యాంటీన్ దగ్గరికి వచ్చి గ్లాసులు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. తలుపు పలచనిది, రొహానా గారి ఇంగ్లీషు నా దాకా వినపడింది. డేనియల్ గారు మధ్యలో తమిళం మాటలు పడ్డాయని, ఆ "లా" ఎన్నోసార్లు వచ్చిందని అంటున్నట్టున్నారు. ఆవిడ అన్నది ఇది: "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదండీ. కానీ మా మనవరాలు కూడా నా కంచంలో చెయ్యి పెట్టి ఇలాగే గదమాయిస్తుంది. ఇది బట్టీ పట్టించడం ఏ టీచరు వల్లా కాదు."

తలుపు తెరుచుకుంది. అందరం నిలబడ్డాం. ఈసారి నన్ను పైడమ్మ గారే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి పక్కన నిలబెట్టుకుంది. డేనియల్ గారు కాయితం తీసి ఇంగ్లీషులో చదవబోయారో లేదో, దర్శిని చెయ్యి ఎత్తింది.

"అంకుల్, ఈ గదిలో తెలుగే మాటాడాల. టీచరు రూలు."

సావిత్రి దాని నోరు ముయ్యబోయింది. డేనియల్ గారు కాయితం వైపు చూశారు, పిల్ల వైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మా నాన్న... మాటాడీవోడు," అన్నారు. ఒక్కో మాటా తవ్వి తీస్తున్నట్టు వస్తోంది. "నాను సిన్నప్పుడు ఇన్నాను. తరవాత... లేదు." ఆగారు. "మీ క్లాసుని... మేము..."

అక్కడ ఆగిపోయారు. మాట దొరకలేదు. అందరూ ఆయన పెదవుల వైపే చూస్తున్నారు. ఇంక దర్శిని ఉండబట్టలేక అడిగేసింది:

"ఆపీస్తారా అంకుల్, నడుపుతారా?"

"నడుపు... నడపండి," అన్నారాయన. "మీరే నడపండి. మూడేళ్ళు."

ఆ తర్వాత ఎవరు ఎవరిని కావలించుకున్నారో నాకు గుర్తులేదు. అప్పలనాయుడు గారు పిల్లాడిలా గెంతారు. సావిత్రి నేల మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది, పిల్లలంతా ఆమె మీద పడిపోయారు. ఆ గుంపులోంచి దర్శిని తల బయటికి పెట్టి ఆయనతో అంది:

"అంకుల్, మీకు తెలుగు కొంచిమే వచ్చు. ఆదివారం మీరూ రండి, టీచరు నేర్పుతాది."

పెద్దవాళ్ళు నవ్వారు. డేనియల్ గారు నవ్వలేదు. సావిత్రి లేచి కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, దగ్గరికి వెళ్ళి, అదే తడబడే తెలుగులో అడిగారు.

"క్లాసు... ఎన్ని గంటలకి?"